గోవిందరాజన్ గారి ఆరు మృగాలు

గోవిందరాజన్‌ను జీవితంలో ఎవరూ ఓడించలేదు. అంటే ఆయన అన్నిట్లోనూ గెలిచాడని కాదు. ఓడిపోయే చోటికి ఆయన వెళ్లేవాడు కాదు, వెళ్లినా ముందుగా చెయ్యి కదిపేవాడు కాదు. ఎదుటివాడు అరిచి, అలిసి, విసుగెత్తి ఇంటికి పోయేదాకా అక్కడే నిలబడేవాడు. దీన్ని ఆయన ఓర్పు అనుకునేవాడు. ఆయన భార్య కాంతమ్మాళ్ దీనికి వేరే మాటలు వాడేది. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆయనకు యాభై ఆరేళ్లు. కోయంబత్తూరుకు ఉత్తరాన తుడియలూరులో ఒక పంపుల వర్క్‌షాపులో టెస్టింగ్ సెక్షన్‌కు పెద్ద. ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఒక్కటే పని. కొత్తగా బిగించిన పంపును నీళ్లతొట్టి మీద పెట్టి, ఎనిమిది గంటలు ఆపకుండా నడిపి, అది ఎక్కడ కారుతుందో, ఎక్కడ వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూడడం. మొదటి గంటలో బ్రహ్మాండంగా నీళ్లు చిమ్మే పంపంటే ఆయనకు అనుమానం. "ఇప్పుడు బాగానే కొడతాది. ఆరో గంటకి చూస్తాం దీని యోగ్యత," అనేవాడు. మనుషుల విషయంలోనూ అదే పద్ధతి. కొత్త అల్లుళ్లను, కొత్త మంత్రులను, కొత్తగా తెరిచిన హోటళ్లను ఆరో గంట దాటేదాకా ఆయన నమ్మడు.

రెండేళ్ల కిందట హెర్నియా ఆపరేషనై ఇరవై రోజులు మంచంమీద ఉండవలసి వచ్చింది. మంచంమీద ఉన్నవాడు ఊరికే ఉంటాడా? కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో లెక్కపెట్టాడు. ఇంటి మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో రాసిపెట్టాడు. సాంబారులో చింతపండు ఎప్పుడు పడాలో పడకగదిలోంచి చెప్పాడు. కాంతమ్మాళ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇందా, ఈ ఫోనులో ఏమన్నా ఆట ఆడుకోండి. నన్ను వదిలిపెడితే అదే పోదుం," అంది.

పోదుం అంటే చాలని. వాళ్ల ఇళ్లలో కొన్ని వందల ఏళ్లుగా తెలుగు ఇలాగే తమిళం చెయ్యి పట్టుకుని నడుస్తోంది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఆయనకు దొరికింది మృగాల ఆట. ఇంగ్లీషులో దానికి బారెడు పేరుంది గానీ తుడియలూరులో అందరూ మృగం ఆట అనే అంటారు. ఆడే ఇద్దరికీ చెరి ఆరు మృగాలు. బరిలో ఒకసారికి ఒకటే నిలబడాలి. ఒక్కో మృగానికి నాలుగు విద్యలు, ఒక్కో విద్యను ఇన్నిసార్లే వాడాలని లెక్క. ఒక ఎత్తు ఆలోచించడానికి నలభై ఐదు సెకన్లు. ఆరు మృగాలూ పడిపోతే ఓడినట్టు. విద్యలన్నీ వాడేసుకున్న మృగం మాత్రం ఇంకేమీ తోచక తన తలను తానే బండకేసి కొట్టుకుంటుంది. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని తమాషాకు పెట్టి ఉంటారు. గోవిందరాజన్ దాన్ని చూసి రెండు రోజులు ఆలోచించాడు.

ఎదుటివాడి చేత తల బండకేసి కొట్టించుకోవడమే గెలవడానికి సరైన దారి అని మూడో రోజు తేల్చుకున్నాడు.

లోకమంతా నిప్పు కక్కే గద్దల్ని, మెరుపు విసిరే పులుల్ని పోగేసుకుంటుంటే ఆయన గోడలు కట్టడం మొదలుపెట్టాడు. మొదట ఇనుప పెంకుల అలుగును తెచ్చాడు. ఏ దెబ్బ తగిలినా అది ముడుచుకుని పడుకుంటుంది. నీళ్ల దెబ్బకు మాత్రం తుప్పు పడుతుంది. అందుకని దాని పక్కన నీళ్లు తాగి బలిసే బురదదున్నను పెట్టాడు. దున్నకు తీగలతో కట్టిపడేసే మృగాలంటే భయం. అందుకని తీగల్ని నమిలి మింగే కొండగొర్రె. ఒకదాన్ని పగలగొట్టే దెబ్బ పక్కదాని మీద గీత కూడా పడనివ్వకూడదు, అదీ ఆయన సూత్రం. ఒక్కో మృగాన్ని రెండువందల ఆటలు ఆడించి, ఏ ఎత్తుకు ఎంత ప్రాణం పోయిందో వర్క్‌షాపు టెస్టు రిపోర్టు వరసలోనే నోటుబుక్కులో రాశాడు. ఆ దశలో చాలా ఆటలు ఓడిపోయాడు. వాటిని ఆయన ఓటమి కింద లెక్కపెట్టడు. అది టెస్టింగు.

తరువాత గాయాలు మాన్పే కొంగ ఒకటి వచ్చింది. ఆ తరువాత కప్ప. ఆ కప్ప ఎవరినీ కొట్టదు. ఎదుటిదాని మీద కాస్త విషం ఉమ్మి పక్కకు తప్పుకుంటుంది. ఆ విషం ఎత్తుకు కొంచెం చొప్పున పనిచేస్తుంది. జట్టు మొత్తానికి ఆయుధమంటే ఆ ఉమ్మి ఒక్కటే.

మృగాలకు పేర్లు పెట్టమని ఆట అడుగుతుంది. ఆయన ఆలోచించే పని లేకుండా చుట్టాల పేర్లు పెట్టాడు. ఎవరేమన్నా కదలని అలుగు పేరు పెద్దత్త. కొంగ పేరు కాంతమ్మాళ్. కప్పకు మాత్రం తన చెల్లెలి మొగుడు మునుసామి పేరు పెట్టి, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"నా పేరుది ఏమి చేస్తాది?" అని కాంతమ్మాళ్ అడిగింది.

"అందరికీ గాయాలు మాన్పుతాది."

"దానికి గాయమైతే ఎవరు మాన్పుతారు?"

గోవిందరాజన్ నోటుబుక్కు తిరగేశాడు. "ఆటలో దానికి వసతి లేదు," అన్నాడు.

ఆరో మృగం పేరు ఆయన ఎవరికీ చూపించలేదు. దాన్ని బరిలోకి దించే అవసరం రాకుండా ఆడడమే ఆయన పట్టుదల.

మునుసామి మీద కోపమెందుకో చెప్పాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. గోవిందరాజన్‌కు తోబుట్టువు ఒక్కతే, చెల్లెలు జోతిమణి. ఆమెను పెరియకుళంలో మామిడితోటలున్న మునుసామికి ఇచ్చారు. వాళ్లకు ఒక్కతే కూతురు, సత్యప్రియ. ఆ పిల్ల పెద్దమనిషైంది. వాళ్లలో ఆ పండుగకు మేనమామే ముఖ్యం. ఆయన పచ్చాకులతో గుడిసె కట్టాలి, సీరు పేరుతో కానుకలు తేవాలి, ఆయన తెచ్చిన చీర కట్టుకునే పిల్ల గదిలోంచి బయటికి రావాలి. అలాంటి మేనమామను పిలవడానికి ఇంటివాళ్లే తాంబూలం పళ్లెం పట్టుకుని ఆయన గడపకు రావాలి. ఫోనులో పిలిస్తే ఆయన చుట్టమవుతాడు గానీ మేనమామ కాడు.

జోతిమణి ఫోనులో పిలిచింది. పండుగకు నాలుగు రోజుల ముందే మునుసామి మామిడిచెట్టు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన కట్టుతో మంచంలో, పిల్ల గదిలో, పెరియకుళం నుంచి తుడియలూరుకు బస్సులో ఐదుగంటలు. "అన్నా, నువ్వు వచ్చేయి. పళ్లెం తరువాత చూసుకుందాం," అంది. గోవిందరాజన్ "సరి" అన్నాడు. సరి అని, ఎవరో ఒకరు పళ్లెంతో రాకపోతారా అని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఆయన వెళ్లలేదు.

ఆ తరువాత పెద్దలు మధ్యవర్తిత్వం చేశారు. "వాళ్లు పళ్లెంతో రానీ, నేను పోతాను" అన్నాడు అన్న. "ఆయన ఒకసారి గడప తొక్కనీ, పళ్లెమేమి, బండి నిండా సీరు ఎత్తుకుని పోతాను" అంది చెల్లెలు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉందని పెద్దలు ఇద్దరి ఇళ్లలోనూ భోజనం చేసి వెళ్లారు. పదకొండేళ్లు గడిచాయి.

ఈ సంవత్సరం ఉగాదికి తుడియలూరులోని వాళ్ల సంఘం పోటీలు పెట్టింది. ఆ సంఘం బోర్డు మీద తెలుగు అక్షరాలుంటాయి. చదవగలవాళ్లు ముగ్గురు, అందులో ఒకరికి చూపు ఆనదు. కుర్రకారు రావడం లేదని కార్యదర్శి భూపతి ముగ్గులపోటీకి, నిమ్మకాయ చెంచా పరుగుకు తోడు మృగం ఆటను కూడా చేర్చాడు. పదహారు పేర్లు వచ్చాయి. పదిహేను మంది ముప్పై లోపువాళ్లు. పదహారోవాడు తెల్ల వేష్టి కట్టుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని, మంచినీళ్ల సీసాతో వచ్చాడు.

గోవిందరాజన్ మొదటి మూడు ఆటలు గెలిచాడు. గెలిచాడనే అనాలి మరి. మొదటివాడు ముప్పావుగంటకు ఆవులించి లొంగిపోయాడు. రెండోవాడికి ఫోనులో చార్జింగు అయిపోయింది. మూడోసారి వచ్చిన అమ్మాయి, "అంకుల్, మీరే పెట్టుకోండి ఈ కప్పు. నాకు ఆకలేస్తా ఉండాది," అని భోజనానికి లేచింది. ఆయన ముగ్గురితోనూ మర్యాదగా చెయ్యి కలిపాడు.

ఫైనలుకు ఎదురుగా వచ్చి కూర్చున్న అమ్మాయిని ఆయన ముందు గుర్తుపట్టలేదు. తరువాత ముక్కు చూశాడు. అది వాళ్లమ్మ ముక్కు, వాళ్ల అవ్వ ముక్కు. అద్దంలో ఆయనకు రోజూ కనిపించే ముక్కు.

"సౌఖ్యమా మామా?" అంది సత్యప్రియ. ఆమెకిప్పుడు ఇరవై నాలుగు. కోయంబత్తూరులోనే హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది.

"ఊఁ," అన్నాడు గోవిందరాజన్. సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు.

"ఆవణి నెలలో నాకు కల్యాణం."

"విన్నాను."

"పిల్లను మంటపానికి చెయ్యి పట్టి పిలుచుకుని వచ్చేది మేనమామ కదా? నాకు ఉండేది ఒక్క మామే. ఆ రోజు నాకు చెయ్యి ఎవరిస్తారు అని అమ్మను అడిగితే, లేచి వంటింట్లోకి పోతాది. అందుకే వచ్చినాను. ఒక పందెం కడతారా?"

"సంఘం ఆటలో పందెమేంటికి?"

"రూకల పందెం కాదు మామా. మీరు గెలిస్తే అమ్మే పళ్లెం ఎత్తుకుని మీ గడపకి వస్తాది. నేను గెలిస్తే పళ్లెం లేకుండా మీరు మా గడపకి రావాల. ఏదో ఒకటి ఈ రోజుతో తీరిపోవాల."

"మీ అమ్మ దీనికి ఒప్పుకునిందా?"

"అమ్మను నేను ఒప్పిస్తాను. మిమ్మల్ని మీరు ఒప్పించుకోండి."

గోవిందరాజన్ మీసం దువ్వుకున్నాడు. ఆరు మృగాలూ కుదిరాక గడిచిన నాలుగు నెలల్లో ఆయన జట్టు ఒక్కసారి కూడా ఓడలేదు. కదలకుండా కూర్చుని మర్యాద దక్కించుకునే అవకాశం మనిషికి రోజూ రాదు. "సరి," అన్నాడు.

ఆట మొదలైంది. ఆయన అలుగును దించాడు. ఆమె తాబేలును దించింది. అలుగు ముడుచుకుంది. తాబేలు తల లోపలికి లాక్కుంది. రెండూ అలాగే ఉన్నాయి. చుట్టూ మూగిన కుర్రాళ్లు కాసేపు చూసి, ఫోను చెడిపోయిందేమోనని అడిగారు.

నాలుగు ఎత్తులకే గోవిందరాజన్‌కు అర్థమైంది. ఈ పిల్ల జట్టులోనూ ముందుపడి కొట్టే మృగమంటూ లేదు. అన్నీ ఓర్చుకునేవే, గాయం మాన్పుకునేవే, పక్కకు తప్పుకునేవే.

"ఇట్ల ఆడేది నీకు ఎవరు నేర్పినారు?"

"ఎవరు నేర్పాల? పదకొండేండ్లుగా మా ఇంట్లో కాచుకుని కూర్చునేది తప్ప ఇంకో విద్య ఏముండాది?"

ఆయన దున్నను దించాడు. ఆమె చెట్టుతొండను దించింది. ఆయన కొండగొర్రెను దించాడు. ఆమె తొండను వెనక్కి పిలిచింది. వేరే ఎవరి మధ్యనైనా ఆ ఆట ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఇక్కడ ఎవరి దెబ్బా ఎవరికీ తగలదు కాబట్టి మాట్లాడుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. మేనమామా మేనకోడలూ పదకొండేళ్లలో మాట్లాడుకోని మాటలన్నీ నలభై ఐదు సెకన్లకు ఒకటి చొప్పున బయటికి వచ్చాయి.

"ఆ రోజు నేను గదిలో తడితలతో కూర్చుని ఉండాను," అంది సత్యప్రియ ఫోను మీదినుంచి చూపు తిప్పకుండా. "బస్సు లేటు, మామ వస్తాడు అని అమ్మ గంటకొకసారి వచ్చి చెబుతాది. రెండు గంటలకి ఎదురింటాయన చేత చీర ఇప్పించినారు. అది ఏ రంగో కూడా నాకు గ్యాపకం లేదు."

గోవిందరాజన్ కొండగొర్రెను వెనక్కి పిలిచాడు. తరువాతి ఎత్తుకు, "నేనూ కొన్నాను," అన్నాడు.

"ఏమి?"

"చీర. మెంతిరంగు, పచ్చ అంచు. పళ్లు, వెండిగిన్నె, అంతా తాంబాళాల్లో సర్దినాను. తెల్లారి ఐదు గంటలకే స్నానం చేసి, వేష్టి కట్టుకుని, వాకిట్లో కూర్చుంటిని. టాక్సీవాణ్ణి కూడా నిలబెట్టినాను."

సత్యప్రియ తలెత్తింది. "ఏంటికి కూర్చున్నారు మరి? రావాల్సింది కదా?"

"పిలుపు కోసం."

ఫోనులో గడియారం టిక్కుటిక్కుమంది. ఆ ఎత్తు ఆమెకు దాటిపోయింది. వేసే విద్య వేయకుండానే సమయం అయిపోయింది. గోవిందరాజన్ దాన్ని వాడుకుని విషం ఉమ్మించాలి కదా. కప్పను దించాడు. బరిలో కప్ప తలమీద పెద్ద అక్షరాలతో పేరు కనిపించింది.

"మామా," అంది సత్యప్రియ, "ఇది మా నాన్న పేరు కదా?"

"చాలామందికి ఉండే పేరే అది."

ఆమె పగలబడి నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది గానీ మీసం కింద దాచుకున్నాడు. భూపతి వచ్చి, నాలుగు గంటలకు మంటపంలో వేరేవాళ్ల నిశ్చితార్థం ఉందని, కుర్చీలు సర్దుకోవాలని, ఇద్దరిలో ఎవరో ఒకరు దయచేసి ఓడిపోవాలని బతిమాలాడు. ఇద్దరూ ఆయన మాట చెవిన వేసుకోలేదు.

రెండు గంటలైంది. విద్యలు ఒక్కొక్కటే అడుగంటాయి. ఆయన దున్న ముందు తల కొట్టుకుని పడింది. ఆమె తొండ పడింది. పెద్దత్త పడింది. కాంతమ్మాళ్ కొంగ అందరికీ గాయాలు మాన్పి మాన్పి చివరికి తాను మానకుండా పడిపోయింది. కప్ప, కొండగొర్రె కూడా పోయాయి. ఆమె వైపు తాబేలు ఒక్కటే మిగిలింది. దాని ఒంట్లో కప్ప విషం ఇంకా ఎక్కుతూనే ఉంది.

గోవిందరాజన్ చెయ్యి ఫోను మీద ఆగిపోయింది. ఇంక దించడానికి ఆరోది తప్ప ఏమీ లేదు. దించాడు. అది చిన్న ఉడుత. రాతిచర్మం ఉన్న ఉడుత. దాని తలమీద ఉన్న పేరు జోతి.

సత్యప్రియ ఆ పేరును చాలాసేపు చూసింది. నలభై ఐదు సెకన్లలో నలభై అలాగే అయిపోయాయి.

"అమ్మ పేరుదాన్ని చివర దాకా దాచిపెట్టినారే," అంది.

"దానికి దెబ్బ తగలకూడదు అని," అన్నాడు గోవిందరాజన్. ఆ మాట నోటినుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. సిగ్గుపడి, "ఆటలో అట్ల ఒకటి పెట్టుకోవాల," అని కలిపాడు.

ఆమె తాబేలు చేత ఉడుతను కొట్టించింది. ఉడుత ప్రాణం సగమైంది. మళ్లీ కొట్టించింది. గీత ఎర్రగా మారి వెంట్రుకవాసిలో నిలిచింది. మూడో దెబ్బకు ముందే విషం ఎక్కి తాబేలు కాళ్లు చాపేసింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. భూపతి అందరికన్నా గట్టిగా కొట్టి, వెంటనే కుర్చీలు మడతపెట్టించాడు.

"సరి మామా. వచ్చే ఆదివారం అమ్మ వస్తాది," అని సత్యప్రియ లేచింది.

ఆ వారమంతా గోవిందరాజన్ నేలమీద నడవలేదు. వర్క్‌షాపులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. పదకొండేళ్ల పట్టు ఒక్కరోజులో ఎలా నెగ్గిందో, తాను ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా అది ఎలా జరిగిందో వివరించాడు. కప్పును టీవీ మీద పెట్టి, రోజుకు రెండుసార్లు తుడిచాడు.

ఆదివారం పొద్దున కాఫీ తాగి, కొత్త వేష్టి కట్టుకుని, గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇంకా టైముంది కదా అని నోటుబుక్కు తెరిచాడు. ప్రతి ఆట తరువాత ఎత్తుల పట్టీ చూసి రిపోర్టు రాయడం ఆయన అలవాటు. ఆ ఫైనలుది ఇంకా రాయలేదు. ఫోనులో పట్టీ తీసి ఒక్కొక్కటే రాసుకుంటూ చివరి పేజీకి వచ్చి ఆగాడు. సత్యప్రియ తాబేలుకు విషం విరిచి ప్రాణం నింపుకునే విద్య ఒకటుంది. అది ఇంకా మూడుసార్లు వాడుకోవడానికి మిగిలే ఉంది. ఒక్కసారి వాడినా ఆయన ఉడుత తరువాతి ఎత్తుకు పడిపోయేది.

"కాంతమ్మా, ఆ పిల్లకి ఆట పూర్తిగా రాదు. గెలిచే విద్యను చేతిలో పెట్టుకుని వాడలేదు," అన్నాడు లోపలికి.

"అట్లనా," అంది కాంతమ్మాళ్. ఆమె కూరగాయలు తరుగుతోంది. తరగడం ఆపలేదు.

కింద ఆటో ఆగింది. వాళ్లుండేది ఒక లేతు మిషన్ల వర్క్‌షాపు పైన రెండో అంతస్తులో. మెట్లు బయటినుంచి ఉంటాయి, నిటారుగా, ఇరుగ్గా, ఒకవైపు గోడ, ఒకవైపు ఇనుప కమ్మీ. గోవిందరాజన్ వరండాలోంచి తొంగిచూశాడు. ముందు సత్యప్రియ దిగింది. తరువాత ఆటో కడ్డీ పట్టుకుని, ఒక కాలు కిందపెట్టి, కాసేపు ఆగి, రెండో కాలు దించుకుని ఒక ముసలావిడ దిగింది.

అది జోతిమణి అని నమ్మడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. ఆయన జ్ఞాపకంలో చెల్లెలికి ఇంకా ముప్పై తొమ్మిదేళ్లే. జుట్టు అప్పుడు నల్లగా ఉండేది. మెట్లు రెండేసి ఎక్కేది.

ఆమె లేతు వర్క్‌షాపు అరుగుమీద కూర్చుని సంచి విప్పింది. ఐదుగంటలు బస్సులో తెచ్చిన పళ్లెం తీసి, కొంగుతో తుడిచి, ఆకులు, వక్కలు, పసుపుకొమ్ములు, అరటిపళ్లు, కొబ్బరికాయ సర్దింది. మూలలకు పసుపు పూసిన కల్యాణ పత్రిక పైన పెట్టింది. ఎత్తిన పళ్లెం గడప చేరేదాకా నేల తాకకూడదు, ఒంటిచేత్తో పట్టకూడదు, ఇంకొకరికి అందించకూడదు. అదంతా అన్న గట్టిగా పట్టుబట్టిన పద్ధతే. రెండు చేతులతో పళ్లెం ఎత్తుకుని మెట్ల దగ్గరికి వచ్చింది.

కుడికాలు మెట్టు మీద పెట్టింది. మోకాలు వంగలేదు. నడుం తిప్పి, ఒంటిని పైకి లాగి, ఎడమకాలిని అదే మెట్టు మీదికి తెచ్చుకుంది. ఒక మెట్టైంది. కమ్మీ పక్కనే ఉంది. పట్టుకోవడానికి చెయ్యి లేదు. రెండో మెట్టుకు పళ్లెం ఊగింది, కొబ్బరికాయ దొర్లబోయింది. గడ్డం కింద ఆనించి ఆపుకుంది.

"ఏమండీ, కిందికి పోండి," అంది కాంతమ్మాళ్ వెనకనుంచి.

"గడప దగ్గర నిలబడేది కదా వాడుక," అన్నాడాయన.

మూడో మెట్టు. నాలుగో మెట్టు. సత్యప్రియ ఆటో పక్కనే నిలబడి ఉంది. తల్లి చెయ్యి పట్టుకోవడానికి ఒక్క అడుగు కూడా కదల్లేదు. అసలు తల్లివైపు చూడడమే లేదు. తల పూర్తిగా పైకెత్తి, వరండాలో నిలబడ్డ మేనమామనే చూస్తోంది.

మూడుసార్లు మిగిలిన విద్య ఎందుకు మిగిలిందో గోవిందరాజన్‌కు అప్పుడు తెలిసింది. ఆ పిల్ల గెలిచి ఉంటే ఆయన పెరియకుళానికి వెళ్లేవాడే. కొత్త వేష్టి కట్టుకుని, ఓడినవాడి ముఖం పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, కాఫీ తాగి వచ్చేసేవాడు. ఈ పిల్లకు అది అక్కర్లేదు. ఆయన గెలుపు ఎలా ఉంటుందో ఆయన కళ్లతో ఆయనే చూడాలి. అందుకే ఓడింది.

పదకొండేళ్లలో ఆయన ఒంటికి తగిలిన మొదటి దెబ్బ అది. ఎంత వెతికినా దానికి అడ్డం పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

చెప్పులు వేసుకోకుండానే దిగాడు. ఆ వయసువాడు దిగకూడని వేగంతో దిగాడు. ఆరో మెట్టు మీద చెల్లెలు ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"ఇట్ల ఇయ్యి," అని చేతులు చాపాడు.

"ఇయ్యను," అంది జోతిమణి. "గడప దగ్గర ఇయ్యాల. నువ్వు చెప్పిందే కదా అన్నా? ఇంకా పైన శానా మెట్లుండాయి. పక్కకి జరుగు."

ఆయన జరగలేదు. జరగకుండా నిలబడడం ఆయనకు తెలిసిన పనే గానీ, ఈసారి అందులో పట్టుదల ఏమీ లేదు. ఆమె ముఖంమీద చెమట చూశాడు, పళ్లెం అంచుల మీద తెల్లబడిన వేళ్లు చూశాడు. ఏడుపొచ్చింది.

"తప్పు నాది, జోతీ," అన్నాడు.

"ఏమి?"

"తప్పు నాది అంటిని."

"ఎగశ్వాసలో వినపడలేదు. గట్టిగా చెప్పు."

"తప్పు నాదే! ఆ రోజు నేను రావాల్సింది! పళ్లెం లేకుండానే రావాల్సింది!" అని గోవిందరాజన్ అరిచాడు. కింద ఆదివారం ఓవర్‌టైము చేస్తున్న లేతు మనుషులు మిషన్లు ఆపి బయటికి వచ్చారు. సత్యప్రియ ఆటోవైపు తిరిగి ముఖం తుడుచుకుంది.

జోతిమణి అన్న ముఖంలోకి చూసింది. పళ్లెం ఆయన చేతుల్లో పెట్టి, కమ్మీ పట్టుకుంది.